చలిసీమలో డీజిలు పికప్పు బండి

మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాను వంచినచో నూనె కదలదు. గృహిణి ఆ సీసాను కొంతసేపు ఎండలో నుంచును. లేదా వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టును. నూనె చెడలేదు. తన స్వభావము చొప్పున పేరుకొన్నది, అంతే. కొంచెము వెచ్చదనము తగులగానే మరల ద్రవమగును. మన దేశపు ఉత్తరపు కొసన, లద్దాఖు ప్రాంతమున, ఇట్టి సంగతియే ప్రతి చలికాలమునను జరుగుచుండును. కాని అచ్చట పేరుకొనునది తలకు రాచుకొను నూనె కాదు, బండిని నడపు డీజిలు. ఎండలో పెట్టవలసినది సీసా కాదు, రెండు టన్నులకు చేరువైన పికప్పు బండి.

లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. జనవరి రాత్రులలో అచ్చట సున్నకు దిగువ 15 డిగ్రీల సెంటీగ్రేడు చలి సామాన్యము. 20 డిగ్రీలకు దిగు రాత్రులును కలవు. శ్రీనగరునుండి జోజిలా కనుమ మీదుగా వచ్చు దారియు, మనాలినుండి వచ్చు దారియు మంచుచే కొంతకాలము మూతపడుచుండును. అట్టి దినములలో ఊరికిని ఊరికిని నడుమ కూరగాయలు, గ్యాసు బండలు, పశుగ్రాసము, త్రాగునీరు మోయునది చిన్న పికప్పు బండియే. రోగిని ఆస్పత్రికి చేర్చుటకు ఒక్కొక్కప్పుడు అదియే దిక్కు. మన పట్టణములలో బండి కదలకున్నచో పనికి ఆలస్యమగును. అచ్చట ఊరికి దూరముగా, సంజవేళ, ఇంజను ఆగిపోయినచో బండిలోనివారి ప్రాణములకే ముప్పు.

ఈ విషయము మనకు సంబంధింపనిది కాదు. తెలుగు జవానులు, డ్రైవరులు, ఇంజనీర్లు ఆ ప్రాంతమున పనిచేయుచుందురు. సొంత బండిలో లద్దాఖు చూడబోవు కుటుంబములును కలవు. అమెరికాలోని మిన్నెసోటా, ఉత్తర డకోటా వంటి రాష్ట్రములలోను, కెనడాలోను స్థిరపడిన మనవారికి ఇంతకు మించిన చలి ఏటేట అనుభవమే. అదియునుగాక, ఇసుజు కంపెనీవారు 2016లో మన శ్రీసిటీయందు కర్మాగారము తెరచి, డీ-మాక్స్ అను డీజిలు పికప్పు బండ్లను తయారుచేయ మొదలిడిరి. గడ్డకట్టించు చలి యనునది ఎరుగని తడ దరిదాపులలో పుట్టిన బండి హిమాలయముల కెక్కవలసి వచ్చినచో, దానిని కాపాడుకొనుట యెట్లు?

మేము చెప్పదలచిన ముఖ్యాంశ మొక్కటే. బండిలోని ఇనుము చలికి చెడదు. బండిలోని ద్రవములు చలికి మారును. పల్లపుసీమలో బయలుదేరిన ప్రతి డీజిలు బండియు తనతో అయిదు ద్రవములను మోసికొనిపోవును. టాంకులోని డీజిలు, ఇంజనులోని నూనె, రేడియేటరులోని నీరు, బ్యాటరీలోని ఆమ్లము, కొత్త బండ్లలో పొగను శుభ్రపరచు యూరియా ద్రవము - ఇవి ఆ అయిదు. ఇవి సాధారణముగా బయలుదేరిన చోటి వాతావరణమునకు తగినవై యుండును గాని, చేరబోవు చోటికి తగినవై యుండవు. చలికాలపు యిబ్బందులలో అధికభాగము ఇచ్చటనే పుట్టుచున్నవి. వాటిని చలికి ముందే సరిచేసికొనుట సులభము; చలిలో సరిచేసికొనుట కష్టము, కొన్నిమార్లు అపాయకరము కూడ.

నిప్పురవ్వ లేని యంత్రము

డీజిలు ఇంజనునకు చలి యనిన ఎందుకింత భయమో ముందుగా తెలిసికొందము. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరునకును ఒక ప్లగ్గు ఉండును. అది నిప్పురవ్వ పుట్టించి పెట్రోలు ఆవిరిని మండించును. డీజిలు ఇంజనులో అట్టి నిప్పురవ్వ లేదు. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున నడిపి చూపిన యంత్రము యొక్క విశేష మిదియే. అందు గాలిని గట్టిగా నొక్కుదురు. నొక్కిన గాలి వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వెచ్చబడుట మన మెరిగినదే. ఇంజనులో గాలిని పదునారు, పదునేడవ వంతునకు నొక్కుటచే ఆ వేడి వందలకొలది డిగ్రీలకు చేరును. ఆ వేడిగాలిలోనికి చిమ్మిన డీజిలు తనంత తానే అంటుకొనును. కావున ఉష్ణమే ఈ ఇంజనునకు అగ్గిపుల్ల.

ఇక లెక్క చూడుడు. 27 డిగ్రీల గాలిని పదునేడవ వంతునకు నొక్కి, ఆ వేడి ఏమాత్రము బయటికి పోకుండ నాపగలిగినచో, అది 650 డిగ్రీలు దాటును. సున్నకు దిగువ 20 డిగ్రీల గాలిని అట్లే నొక్కినచో 510 డిగ్రీల చేరువకు మాత్రమే వచ్చును. ఇంతవరకు ప్రమాదము లేదు, ఏలయన డీజిలు అంటుకొనుటకు అంత వేడి అక్కరలేదు. కాని వేడి బయటికి పోకుండుట లెక్కలోనే గాని ఇంజనులో జరుగదు. రాత్రియంతయు మంచులో నిలిచిన ఇనుపగోడలు ఆ వేడిని పీల్చుకొనును. ఇంజను మెల్లగా తిరుగుచున్నచో పీల్చుకొనుటకు వ్యవధి పెరుగును. పిస్టను రింగుల ప్రక్కగా గాలియు జారిపోవును. తుదకు మిగులు వేడి డీజిలును అంటించుటకు చాలదు. అప్పుడు వెనుక గొట్టమునుండి తెల్లని పొగ వచ్చును. అది మండని డీజిలు ఆవిరి. దానికి తోడు లేహ్ ఎత్తున గాలి పీడనము సముద్రతీరమున నుండుదానిలో మూడింట రెండువంతులే గనుక, సిలిండరులోనికి చేరు గాలి మొత్తమే తక్కువ.

ఈ లోపమును తీర్చుటకే గ్లో ప్లగ్గు లమర్చిరి. ఇవి నిప్పురవ్వ పుట్టించునవి కావు. పొయ్యిలోని పుల్లవలె ఎఱ్ఱగా కాలి, కొన్ని సెకండ్లలో 800 డిగ్రీలకు పైగా వేడెక్కి, సిలిండరులోని గాలికి సాయపడును. తాళము త్రిప్పగానే ఎదుట పలకపై చుట్టచుట్టిన తీగవంటి పసుపు దీపము వెలుగును. అది ఆరువరకు ఆగి, పిమ్మట సెల్ఫు కొట్టవలెను. మన ప్రాంతమున ఎవరును ఆ దీపమునకై ఆగరు. ఆగకున్నను బండి కదలును. ఆ యలవాటే చలిసీమలో చేటు తెచ్చును. మిక్కుటమగు చలిలో తాళమును రెండు మూడు మార్లు వేసి తీసి, ప్లగ్గులను రెండుమార్లు కాలనిచ్చి, తరువాత సెల్ఫు కొట్టుట మేలు. నాలుగు ప్లగ్గులలో ఒకటి కాలిపోయినను మైదానమున తెలియదు. చలిలో వెంటనే తెలియును. అందువలన కొండ యెక్కకముందే మెకానిక్కుచేత నాలుగింటిని పరీక్ష చేయించుకొనవలెను.

టాంకులోని డీజిలు

డీజిలులో సహజముగనే మైనమువంటి పదార్థము కరిగి యుండును. చలి పెరుగుకొలది ఆ మైనము సన్నని రేకులుగా విడివడును. మొదట డీజిలు మబ్బుపట్టినట్లు తెల్లబడును. పిమ్మట రేకులు ఒకదాని కొకటి అంటుకొని ఫిల్టరును మూసివేయును. ఇంకను చలి పెరిగినచో డీజిలంతయు ముద్దయై ప్రవాహశక్తిని కోల్పోవును. ఇవి మూడు మెట్లు. బండిని ఆపునది మూడవ మెట్టు కాదు, రెండవ మెట్టే. టాంకులోని డీజిలు పారుచున్నట్లే కనబడును. కాని మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. ఫిల్టరు రంధ్రములు అట్టి కొద్ది మైక్రానుల వెడల్పు మాత్రమే కలవి. వానిని మూయుటకు చిటికెడు మైనము చాలును. అందుకే ఉదయమున బండి చక్కగా స్టార్టయి, ఒకటి రెండు కిలోమీటర్లు పోయి, దారిలో నిలిచిపోవుచుండును. గొట్టములలో మిగిలిన డీజిలు అంతవరకే సరిపోవును.

మన దేశపు ప్రమాణముల ప్రకారము డీజిలు వేసవికి వేరు, చలికాలమునకు వేరు. వేసవి డీజిలు 15 డిగ్రీల వరకును, చలికాలపు డీజిలు 3 డిగ్రీల వరకును పారుచున్నచో చాలునని నియమము. మైదానములకు ఇది చక్కగా సరిపోవును. కాని సున్నకు దిగువ 20 డిగ్రీల చోటికి ఈ రెండింటిలో ఏదియు చాలదు. ఈ లోటును తీర్చుటకై ఇండియన్ ఆయిల్ సంస్థవారు 2019 నవంబరులో ప్రత్యేకమగు శీతకాలపు డీజిలును లద్దాఖునకు తెచ్చిరి. పానిపట్టు శుద్ధికర్మాగారమున తయారైన ఆ డీజిలు సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు ప్రవాహశక్తిని కోల్పోదు.

ఐనను బండి ఆగుటకు ఒక అవకాశము మిగిలియే యున్నది. క్రింద పల్లపుసీమలో టాంకు నిండుగా పోయించుకొని, ఒక్క టాంకుతో పైకి చేరిన బండిలో నున్నది క్రిందటి డీజిలే గదా! దానికి పైసీమ చలి తెలియదు. కావున గమ్యము చేరుసరికి టాంకు అడుగంటునట్లు, కాని దారిలో ఖాళీ కాకుండునట్లు, పోయించుకొనవలెను. చేరిన వెంటనే అచ్చటి బంకులో శీతకాలపు డీజిలు నింపవలెను. నింపి ఊరకుండరాదు. కొన్ని కిలోమీటర్లు బండి నడపి, కొత్త డీజిలు గొట్టములకు, ఫిల్టరునకు, పంపునకు చేరనిచ్చి, ఆ తరువాతనే రాత్రికి ఆపవలెను. టాంకు నిండుగా నుండుట మరొక విధమునను మేలు. ఖాళీ టాంకులోని గాలిలోని చెమ్మ రాత్రివేళ నీటిబొట్లుగా మారి డీజిలులో దిగును. ఆ నీరు ఫిల్టరు అడుగున చేరి మంచుగడ్డ యగును. అచ్చటి నీటిని తీసివేయుటకు ఫిల్టరు క్రింద మర యుండును, దానిని మరచిపోరాదు.

శీతకాలపు డీజిలు రాకపూర్వము డ్రైవరులు రెండు ఉపాయములను వాడుచుండిరి. ఒకటి డీజిలులో కిరోసిను కలుపుట. రెండవది టాంకు క్రింద మంట పెట్టుట. కిరోసిను మైనమును పలుచన చేయుమాట నిజమే. అమెరికా, కెనడాల బంకులలో శీతకాలమున అమ్ముదానిలో కిరోసినువంటి తేలిక నూనె కలిపియే యుండును. కాని దానిని పంపు అరుగకుండునట్లు మందులు చేర్చి, పరీక్షించి కలుపుదురు. మనము డబ్బాతో పోయు కిరోసినులో ఆ కందెన గుణము లేదు. నేటి ఇంజనులలో పంపు డీజిలును సాధారణ గాలి పీడనమునకు 1,500 రెట్లకు పైబడి నొక్కును. ఆ పంపునకు డీజిలే కందెన. కందెన తగ్గినచో పంపు అరుగును. అరిగిన పంపునకు వెల యెక్కువ. పెట్రోలు కలుపుట ఇంకను అపాయము. దాని ఆవిరి టాంకులోనే అంటుకొనదగినది. ఇక మంట మాట చెప్పనక్కరలేదు. నూనె మరకలు, రబ్బరు గొట్టములు, విద్యుత్ తీగలు గల చోట నిప్పు పెట్టుట బండినే కాక మనిషినికూడ పోగొట్టుకొనుటకు దారి.

పేరుకొనకుండ చేయు మందులు అంగళ్లలో దొరకును. అవి మంచివే. కాని మైనము విడివడకముందే, డీజిలు పలుచగా నున్నప్పుడే కలుపవలెను. ముద్దకట్టిన పిదప పోసినచో అట్టి మందు ముద్దపైననే నిలుచును. ఒకవేళ డీజిలు పేరుకొన్నచో చేయవలసినది బండిని గాలి తగులని కొట్టములోనికి నెట్టించి, ఫిల్టరు మార్చి, వేడిగుడ్డలు కప్పి, వేచియుండుట. ఊరక సెల్ఫు కొట్టుచుండుటచే ఫలము లేదు. బ్యాటరీ కూడ పోవును.

ఇంజను నూనె, బ్యాటరీ

రెండవ ద్రవము ఇంజను నూనె. చలిలో అది పాకమువలె చిక్కబడును. చిక్కని నూనెలో ఇంజనును త్రిప్పుటకు సెల్ఫునకు బలము చాలదు. మెల్లగా త్రిప్పినచో వేడి పుట్టదని పైన చెప్పియుంటిమి. ఎట్లో స్టార్టయినను, చిక్కని నూనె పైనున్న భాగములకు చేరులోపల లోహము లోహమును రాచుకొనును. నూనె డబ్బాపై 15డబ్ల్యు-40, 5డబ్ల్యు-30 అని యుండుట చూచియుందురు. డబ్ల్యు అక్షరము శీతకాలమును సూచించును. దానికి ముందరి అంకె ఎంత చిన్నదైన, ఆ నూనె చలిలో అంత తేలికగా కదలును. 15 అంకె గల నూనెను సున్నకు దిగువ 20 డిగ్రీల వద్దను, 5 అంకె గలదానిని సున్నకు దిగువ 30 డిగ్రీల వద్దను పరీక్షింతురు. మన ప్రాంతమున లారీలకును పాత పికప్పులకును సామాన్యముగా పోయు 15 రకము లేహ్ రాత్రికి దాని హద్దునకు చేరును. బండితో వచ్చిన పుస్తకములో ఏయే నూనెలు వాడవచ్చునో వ్రాసియుండును. అందులో అనుమతించిన వానిలో చిన్న అంకెగల నూనెను బయలుదేరకముందే మార్పించుకొనవలెను.

మూడవది బ్యాటరీలోని ఆమ్లము. బ్యాటరీ విద్యుత్తును నిలువచేసిన తొట్టి కాదు. లోపల జరుగు రసాయనక్రియచే అప్పటికప్పుడు విద్యుత్తు పుట్టును. చలిలో ఆ క్రియ మందగించును. సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ శక్తి సుమారు సగమునకు పడిపోవును. అదే సమయమున చిక్కబడిన నూనెవలన ఇంజను రెట్టింపు బలమును కోరును. ఆదాయము సగమై, వ్యయము రెట్టింపైన సంసారమువంటి దీని స్థితి. మూడు నాలుగేండ్లు వాడిన బ్యాటరీ మైదానమున ఇంకొక ఏడాది నడువవచ్చును. చలిసీమలో మొదటి వారముననే చేతులెత్తివేయును.

ఇందు మరొక సంగతి కలదు. పూర్తిగా ఛార్జి యున్న బ్యాటరీ ద్రవము సున్నకు దిగువ 50 డిగ్రీల వద్దను గడ్డకట్టదు. ఛార్జి పోయిన బ్యాటరీ ద్రవము నీటికి చేరువై, సున్నకు దిగువ 10 డిగ్రీల దరిదాపులనే గడ్డకట్టును. పెంకు పగులును. గడ్డకట్టిన బ్యాటరీకి మరొక బండినుండి తీగలు తగిలించి స్టార్టు చేయ ప్రయత్నించుట ప్రమాదము, అది ప్రేలవచ్చును. మిక్కుటమగు చలిరాత్రులలో బ్యాటరీని విప్పి ఇంటిలోనికి తెచ్చి వెచ్చని గదిలో నుంచుట మంచి పద్ధతి. సెల్ఫును ఒక్కసారికి పది పదునైదు సెకండ్లకు మించి కొట్టరాదు. ఒక నిమిషమాగి మరల ప్రయత్నింపవలెను.

రేడియేటరులోని నీరు, యూరియా ద్రవము

నాల్గవ ద్రవము విషయమున మన ప్రాంతపు బండ్లకు అపాయము హెచ్చు. రేడియేటరులో నుండవలసినది వట్టి నీరు కాదు. గ్లైకాల్ కలిసిన కూలెంటు. కాని వేసవిలో దారిప్రక్కన బండి వేడెక్కినప్పుడు ఎవరో ఒక చెంబెడు నీరు పోయుదురు. మరునాడు మరొక చెంబు. మైదానమున ఆ నీటివలన అప్పటికప్పుడు తెలియు నష్ట మేమియు లేదు. చలిసీమకు పోయినచో ఆ చెంబెడు నీరే ఇంజనును చీల్చును. నీరు మంచుగడ్డ యగునప్పుడు తొమ్మిదవ వంతో, పదవ వంతో కాదు, నూటికి 9 వంతులు ఉబ్బును. ఆ ఉబ్బుటను ఇనుపదిమ్మె యైనను ఆపలేదు. గ్లైకాలు సగము, శుద్ధజలము సగము కలిపినచో సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు.

సగము కలిపిన ఇంత మేలైనచో పూర్తిగా గ్లైకాలే పోసిన ఇంకను మేలు గదా యని తోచవచ్చును. అది పొరపాటు. వట్టి గ్లైకాలు సున్నకు దిగువ 13 డిగ్రీల వద్దనే గడ్డకట్టును. రెండును విడివిడిగా ఓర్వలేని చలిని కలిసి ఓర్చుకొనును. కూలెంటు పలుచనైనదో లేదో కొలుచు చిన్న సాధనము మెకానిక్కుల వద్ద ఉండును, నిమిషములో తెలిసిపోవును. ఇంకొక మాట. గ్లైకాలు తియ్యగా నుండు విషము. పిల్లలకును, పెంపుడు జంతువులకును అందకుండ దాచవలెను. నేలపై ఒలికినచో కడిగివేయవలెను.

అయిదవది యూరియా ద్రవము. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిదప తయారైన డీజిలు బండ్లు కొన్నింటిలో దీనికి వేరు టాంకు కలదు. నూటికి 32.5 వంతుల యూరియా, మిగిలినది శుద్ధజలము. ఇది సున్నకు దిగువ 11 డిగ్రీల వద్ద గడ్డకట్టును. అందుకు భయపడ నక్కరలేదు. ఆ టాంకులోనే హీటరు ఉండును. బండి నడచుచుండగా అది కరగును. కరగిన పిదప గుణము చెడదు. అది గడ్డకట్టకుండుటకని మరేదియు కలుపరాదు. మూతివరకు నింపరాదు, ఉబ్బుటకు చోటు విడువవలెను. పొగలోని మసిని పట్టు జల్లెడయు ఈ బండ్లలో నుండును. ఆ మసి కాలిపోవుటకు వేడి కావలెను. రోజుకు అర కిలోమీటరు మాత్రమే పోయి ఆగు బండిలో ఆ వేడి పుట్టక జల్లెడ మూసుకొనును. కావున వారమున కొకమారైనను అరగంటసేపు ఆగకుండ బండిని నడుపవలెను.

రాత్రి విడిది, ఉదయపు ప్రయాణము

ఇంజనునకు బయటనుండి వేడి నిచ్చు పద్ధతియు కలదు. ఉత్తర డకోటా రాష్ట్రములోని గ్రాండ్ ఫోర్క్స్ పట్టణవాసి ఆండ్రూ ఫ్రీమన్ అను నాతడు ఇంజనులో అమర్చు విద్యుత్ హీటరునకు 1949లో పేటెంటు పొందెను. నేడు కెనడాలోని విన్నిపెగ్, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వంటి పట్టణములలో బండ్లు నిలుపు చోట్ల విద్యుత్ ప్లగ్గులుండును. బండ్ల ముందుభాగమున తీగ వ్రేలాడుచుండును. రాత్రియంతయు వేయనక్కరలేదు; బయలుదేరుటకు రెండు మూడు గంటలు ముందు వేసిన చాలును. ఇట్టి హీటరు లేని చోట మన తెలివియే హీటరు. బండిని గోడచాటున, గాలికి ఎదురు కాకుండ, ఉదయపు ఎండ మొదట తగులు దిశకు ముందుభాగము త్రిప్పి నిలుపవలెను. ఇంజను వేడిగా నుండగనే పైమూతపై దళసరి కంబళి కప్పవలెను. స్టార్టు చేయుటకు ముందు దానిని తీయవలెను. గాలి వీచినంతమాత్రమున ఇనుము బయటి చలికంటె ఎక్కువగా చల్లబడదు. కాని త్వరగా చల్లబడును. చాటు వెదకుట అందుకే.

తడి బ్రేకులతో వచ్చి హ్యాండ్ బ్రేకు లాగి ఉంచినచో ఉదయమునకు అది అంటుకొని విడువకపోవచ్చును. చదునైన చోట నిలిపి, గేరులో ఉంచి, చక్రములకు రాళ్లడ్డముపెట్టుట మేలు. టైరులోని గాలియు చలికి కుంచించుకొనును. ఎత్తున బయటి పీడనము తక్కువగుటచే మీటరు అందులో కొంత కప్పిపుచ్చును. చేరిన మరునాటి ఉదయమున, చక్రములు చల్లగా నున్నప్పుడే కొలిపించవలెను. సామాను లేని పికప్పు వెనుకభాగము తేలిక. మంచుపై అది ప్రక్కకు జారును. వెనుక ఇరుసుపై వచ్చునట్లు ఇసుక బస్తాలు వేసి, కదలకుండ కట్టివేయుదురు. ఆ ఇసుకయే చక్రము జారినప్పుడు క్రింద చల్లుకొనుటకును పనికివచ్చును.

స్టార్టయిన పిదప గంటసేపు నిలుచున్న చోటనే ఇంజను తిరుగనిచ్చుట పలువురి యలవాటు. డీజిలు ఇంజను ఊరక తిరిగినంతలో వేడెక్కదు. సగము మండిన డీజిలు క్రిందికి జారి నూనెను పలుచన చేయును. నాలుగయిదు నిమిషములు తిరుగనిచ్చి, పిమ్మట మెల్లగా, బలము పెట్టక, బండి నడపుటచే త్వరగా వేడెక్కును. తలుపులు మూసిన కొట్టములో ఇంజనును ఎంతమాత్రము తిరుగనీయరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు. మనిషి యెరుగకయే ప్రాణము తీయును. దారిలో మంచునందు చిక్కుకొన్నచో బండిని విడిచి నడచిపోరాదు. వెనుక గొట్టము చుట్టు మంచును పారతో తొలగించి, కొంచెము అద్దము దింపి, అప్పుడప్పుడు పది నిమిషములు ఇంజను తిప్పుకొనుచు, సాయము కొరకు వేచియుండవలెను. అందుచేత కంబళ్లు, పార, త్రాడు, టార్చిలైటు, విడి ఫిల్టరు, బ్యాటరీ తీగలు, రెండు పూటల ఆహారము, నీరు బండిలో నుండి తీరవలెను.

ఈ పనులన్నియు చూచి పెద్ద జాబితా యని అనుకొనవలదు. వీనిలో అధికభాగము ఒకే దినమున, ఒకే మెకానిక్కు వద్ద, ఎండ కాయుచుండగా ముగించుకొనదగినవి. లద్దాఖువారు సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే బండిని సిద్ధపరచుకొందురు. ఇచ్చటినుండి పోవువారు బయలుదేరుటకు వారము ముందు కూలెంటు కొలిపించి, నూనె మార్పించి, బ్యాటరీని, గ్లో ప్లగ్గులను పరీక్షింపజేసి, ఫిల్టరు కొత్తది వేయించుకొన్నచో అయిదింట మూడు ద్రవముల పని ఇంటివద్దనే తీరును. యూరియా ద్రవమునకు తన హీటరే కాపు. మిగిలినది డీజిలు. అది మాత్రము పైకి చేరిన నాటి సాయంకాలము, దీపములు పెట్టకముందే, అచ్చటి బంకులో తీర్చుకొనవలసిన పని.